అమెరికా ఫెడరల్ జైల్లో విడుదల తేదీ తప్పు పడిందా? లెక్క సరిచూసుకుని సవాలు చేయడం ఎలా

“మా అబ్బాయికి మూడేళ్ళ శిక్ష వేశారు. మంచిగా ఉంటే ఏడాదికి కొన్ని రోజులు తగ్గుతాయని లాయరు గారు చెప్పారు. జైళ్ళ శాఖ వెబ్‌సైట్‌లో కనిపించే తేదీ మాత్రం మా లెక్కకు కుదరడం లేదు. ఎవరిని అడగాలి?” గుంటూరు నుంచి ఒక తండ్రి, డాలస్ నుంచి ఒక భార్య, న్యూజెర్సీ నుంచి ఒక అన్న. గొంతులు మారతాయి గాని ప్రశ్న ఇదే. ఒక్కొక్కరికీ ఫోనులో విడివిడిగా చెప్తే సగం మర్చిపోతారు, పైగా గడువులు దాటిపోతాయి. అందుకే వరసగా రాసి పెడుతున్నాను.

ఇది మనకు సంబంధం లేని విషయమని అనుకోవద్దు. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అమెరికా అధికారులే నడిపిన నకిలీ విశ్వవిద్యాలయం కేసులో, విద్యార్థులను చేర్పించారని 8 మంది మీద నేరం మోపారు. వారిలో తెలుగువారే ఎక్కువ. ఆ ఇళ్ళలో జైలు కాగితాలు చదవడం అప్పటిదాకా ఎవరికీ అలవాటు లేదు. మీ ఇంట్లోనూ లేకపోవచ్చు.

ఇక్కడ చెప్పేది ఫెడరల్ జైళ్ళ గురించి మాత్రమే. టెక్సాస్, కాలిఫోర్నియా వంటి రాష్ట్ర జైళ్ళలో తగ్గింపు లెక్కలు వేరు, దారి వేరు. దాని గురించి చివర్లో రెండు మాటలు చెప్తాను.

మొదలుపెట్టేముందు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. విడుదల తేదీ ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు. చట్టం చెప్పిన కూడికలు, తీసివేతలు చేస్తే వచ్చేదే ఆ తేదీ. నేను చూసినంతలో కూడికలో తప్పు దొర్లడం అరుదు, ఆ కూడికలోకి ఎక్కించిన తేదీల్లోనే తప్పు ఉంటుంది. అందుకని అన్యాయం జరిగిందంటూ పేజీలు నింపడం కంటే, ఏ తేదీ తప్పో వేలు పెట్టి చూపించడం మేలు.

దగ్గర పెట్టుకోవలసినవి

- ఖైదీ రిజిస్టర్ నంబరు. 8 అంకెలు ఉంటాయి, ఐదో అంకె తర్వాత గీత ఉంటుంది. ప్రతి కాగితం మీదా ఇది ఉండాలి.
- కోర్టు తీర్పు ప్రతి, అంటే శిక్ష ఎన్ని నెలలో, సూపర్‌వైజ్డ్ రిలీజ్ (జైలు నుంచి వచ్చాక అధికారుల పర్యవేక్షణలో ఉండాల్సిన కాలం) ఉందో లేదో రాసిన ఉత్తర్వు.
- “సెంటెన్స్ మానిటరింగ్ కంప్యుటేషన్ డేటా” అనే పత్రం. విడుదల తేదీ లెక్క మొత్తం ఇందులోనే ఉంటుంది. లోపల ఉన్న వ్యక్తి తన కేస్ మేనేజర్‌ను, అంటే జైల్లో తన వ్యవహారాలు చూసే ఉద్యోగిని, అడిగి తీసుకోవాలి.
- “ఎఫ్‌ఎస్‌ఏ టైమ్ క్రెడిట్ అసెస్‌మెంట్” పత్రం (ఎఫ్‌ఎస్‌ఏ అంటే ఫస్ట్ స్టెప్ చట్టం). ఇది పై పత్రానికి వేరు, విడిగా అడగాలి.
- అరెస్టయిన రోజు, బెయిలు మీద వదిలిన రోజు, కౌంటీ జైల్లో ఉంటే అక్కడి నుంచి తెచ్చుకున్న ధ్రువపత్రం.
- అమెరికా పౌరులు కాకపోతే ఇమిగ్రేషన్ కాగితాలన్నీ, ఏ-నంబరుతో (ఇమిగ్రేషన్ అధికారులు ఇచ్చే ఫైలు నంబరు) సహా.
- గడువులు రాసుకోవడానికి ఒక నోటు పుస్తకం.

హెచ్చరిక: శిక్షకు ముందు ప్రొబేషన్ అధికారి తయారుచేసిన ప్రీసెంటెన్స్ రిపోర్టును పోస్టులో లోపలికి పంపకండి. దాని ప్రతిని ఖైదీ తన దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ జైళ్ళు నిషేధించాయి. అడిగితే అక్కడే కూర్చోబెట్టి చూపిస్తారు.

1. తప్పు ఏ గదిలో ఉందో పట్టుకోండి

విడుదల తేదీ నాలుగు ముక్కలతో తయారవుతుంది. శిక్ష మొదలైన రోజు ఒకటి, శిక్షకు ముందు నిర్బంధంలో గడిపిన రోజులు రెండోది, సత్ప్రవర్తన తగ్గింపు మూడోది, 2018లో వచ్చిన ఫస్ట్ స్టెప్ చట్టం కింద సంపాదించుకునే క్రెడిట్లు నాలుగోది.

తెలుగు కుటుంబాలు ఎక్కువగా తడబడేది చివరి రెండింటి దగ్గర. రెండూ మంచి నడవడికకు ఇచ్చేవే అనుకుని కలిపేస్తారు. అవి వేరు వేరు ఖాతాలు, వేరు వేరు నిబంధనలు. మీ ఫిర్యాదు ఏ ఖాతా గురించో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతున్నారంటే, రెండో అడుగు వేసే సమయం ఇంకా రాలేదన్నమాట.

2. మీరే ఒకసారి లెక్క వేయండి

ఉదాహరణకు 36 నెలల శిక్ష పడిన ఒకరిని తీసుకుందాం. 2024 జనవరి 15న అరెస్టయ్యారు, ఫిబ్రవరి 20న బెయిలు మీద బయటికి వచ్చారు. తర్వాత శిక్ష పడి, 2024 జూన్ 3న తామే వెళ్ళి జైల్లో లొంగిపోయారు.

జూన్ 3 నుంచి 36 నెలలు లెక్కపెడితే 2027 జూన్ 2 వస్తుంది.

జనవరి 15 నుంచి ఫిబ్రవరి 20 వరకు, మొదటి రోజునూ చివరి రోజునూ కలుపుకుంటే 37 రోజులు. లోపల కొన్ని గంటలే ఉన్నా ఆ రోజు లెక్కలోకి వస్తుంది. చాలామంది చివరి రోజును వదిలేస్తారు, మీరు వదలకండి. 2027 జూన్ 2 నుంచి 37 రోజులు వెనక్కి వెళ్తే 2027 ఏప్రిల్ 26. ఇది పూర్తి శిక్ష ముగిసే తేదీ.

సత్ప్రవర్తన తగ్గింపు ఏడాదికి 54 రోజులు, మూడేళ్ళకు 162. ఏప్రిల్ 26 నుంచి 162 రోజులు వెనక్కి వెళ్తే 2026 నవంబర్ 15. అది ఆదివారం. విడుదల తేదీ శని, ఆదివారాల్లోగాని సెలవు రోజున గాని పడితే అంతకు ముందు పనిదినాన వదలవచ్చని చట్టమే చెప్తుంది కాబట్టి, పత్రంలో నవంబర్ 13, శుక్రవారం అని కనిపిస్తే కంగారు పడనక్కరలేదు.

ఇప్పుడు మీ చేతిలోని పత్రాన్ని ఈ లెక్క పక్కన పెట్టండి. “జైల్ క్రెడిట్” అన్న చోట తేదీలు “నుంచి, వరకు” అని ఉంటాయి. చాలాసార్లు మొత్తం గొడవ ఆ ఒక్క వరుసలోనే దొరుకుతుంది. అక్కడ సున్నా ఉందంటే, పై ఉదాహరణలో 37 రోజులు గాలిలో కలిసిపోయినట్టే.

ఈ అడుగులో తరచు జరిగే పొరపాట్లు ఇవి:

*బెయిలు కాలాన్ని కలపడం.* కాలికి మానిటర్ కట్టుకుని ఇంట్లో ఉన్నా, కోర్టు ఆదేశంతో చికిత్సా కేంద్రంలో ఉన్నా, బెయిలు మీద ఉన్నంతకాలం అది నిర్బంధం కాదు. 1995లో రెనో వర్సెస్ కోరే కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చి చెప్పింది.

*ఒకే రోజును రెండుసార్లు వాడుకోవడం.* వేరే శిక్షలో, ముఖ్యంగా రాష్ట్రం వేసిన శిక్షలో ఇప్పటికే జమ అయిన రోజును ఫెడరల్ శిక్షలో మళ్ళీ జమ చేయరు. రాష్ట్ర జైలు నుంచి విచారణ కోసం ఫెడరల్ కోర్టుకు తీసుకొచ్చిన రోజులను కూడా సాధారణంగా రాష్ట్ర శిక్షలోనే లెక్కిస్తారు. తీసుకొచ్చింది ఫెడరల్ మార్షల్సే కాబట్టి అది ఫెడరల్ కస్టడీ అనుకుని మోసపోయేవాళ్ళు చాలామంది.

*ఇమిగ్రేషన్ నిర్బంధం.* దేశం నుంచి పంపించడానికి మాత్రమే ఐస్ (అమెరికా ఇమిగ్రేషన్ చట్టాలు అమలుచేసే సంస్థ) పట్టి ఉంచిన రోజులను శిక్షలో కలపరు. క్రిమినల్ కేసు కోసమే అట్టిపెట్టి ఉంటే కలపాలి. తేడా కాగితం మీద చూపించగలగాలి.

*శిక్ష వేసిన జడ్జినే అడగడం.* ముందస్తు కస్టడీ రోజులు లెక్కించే అధికారం మొదట జైళ్ళ శాఖదే, జడ్జిది కాదని 1992లో యునైటెడ్ స్టేట్స్ వర్సెస్ విల్సన్ తీర్పు చెప్పింది. జడ్జికి ఉత్తరం రాసి ఆరు నెలలు ఎదురుచూస్తే ఆ ఆరు నెలలూ పోయినట్టే.

3. సత్ప్రవర్తన తగ్గింపును విడిగా పరీక్షించండి

పాత సమాచారం చూసి కొందరు ఏడాదికి 47 రోజులే అంటారు. 2010లో బార్బర్ వర్సెస్ థామస్ తీర్పు జైళ్ళ శాఖ పద్ధతిని సమర్థించడంతో నిజంగానే 47 దగ్గర ఆగేది. ఫస్ట్ స్టెప్ చట్టం దాన్ని సరిచేసింది. 2019 జూలై 19 నుంచి, జైల్లో గడిపిన ఏడాదికి కాకుండా కోర్టు వేసిన శిక్షలోని ప్రతి ఏడాదికీ 54 రోజుల వరకు ఇస్తున్నారు. ఏడాది కంటే తక్కువ ముక్కకు దామాషాగా వస్తుంది.

ఈ తగ్గింపు ఒక ఏడాదికి మించిన శిక్షలకే. సరిగ్గా 12 నెలల శిక్షకు ఒక్క రోజు కూడా తగ్గదు. 12 నెలల ఒక రోజు శిక్ష పడితే 54 రోజులు తగ్గుతాయి. ఒక రోజు ఎక్కువ శిక్ష పడినవాడు ముందే ఇంటికి వస్తాడు. మీవాడికి ఇంకా శిక్ష పడలేదంటే లాయరు గారికి ఈ మాట ఇవాళే గుర్తుచేయండి. శిక్ష పడ్డాక ఏమీ చేయలేరు. యావజ్జీవ ఖైదుకు ఈ తగ్గింపు లేదు.

54 ఉండవలసిన చోట 42 కనిపిస్తే కారణం చదువు కావచ్చు. హైస్కూలు స్థాయి చదువు ఉన్నట్టు నిర్ధారణ కాక, అక్కడి అక్షరాస్యత తరగతుల్లోనూ సరిగా సాగకపోతే 42 రోజులే ఇస్తారు. మనవాళ్ళలో బీటెక్ చదివినవారు కూడా రికార్డులో చదువు నిర్ధారణ కాక ఇబ్బంది పడే అవకాశం ఉంది. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ సర్టిఫికెట్ల నకళ్ళు జైలు విద్యావిభాగానికి చేరేలా చూడండి. దేశం నుంచి పంపించాలన్న తుది ఉత్తర్వు ఉన్నవారికి ఈ తరగతుల షరతు వర్తించదు.

రోజులు కోసేశారంటే క్రమశిక్షణ కేసు ఉందన్నమాట. అత్యంత తీవ్రమైన తప్పుకు కనీసం 41 రోజులు, దాని కింది స్థాయి తప్పుకు కనీసం 27 రోజులు పోతాయి. అలాంటి విచారణకు కనీసం 24 గంటల ముందు లిఖితపూర్వకంగా అభియోగం చేతికివ్వాలి, సాక్షులను పిలుచుకునే అవకాశం ఇవ్వాలి, నిర్ణయానికి కారణాలు రాసి ఇవ్వాలి. 1974 నాటి వుల్ఫ్ వర్సెస్ మెక్‌డొనెల్ తీర్పు నుంచి వచ్చిన రక్షణలివి. వీటిలో ఏది తప్పిందో చూపించండి. “నేను ఆ తప్పు చేయలేదు” అన్న వాదన ఒక్కటే కోర్టులో నిలవడం కష్టం. కొద్దిపాటి ఆధారం ఉన్నా చాలని 1985లో సూపరింటెండెంట్ వర్సెస్ హిల్ కేసులో చెప్పారు.

4. ఫస్ట్ స్టెప్ క్రెడిట్లు: మనవాళ్ళు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే

ఆమోదించిన కార్యక్రమాల్లో పాల్గొన్న ప్రతి 30 రోజులకు 10 రోజుల క్రెడిట్ వస్తుంది. మళ్ళీ నేరం చేసే ప్రమాదం తక్కువ అని వరుసగా రెండు మదింపుల్లో తేలితే ఇంకో 5 రోజులు కలిసి 15 అవుతాయి. ఈ క్రెడిట్లతో గరిష్ఠంగా 12 నెలల ముందు సూపర్‌వైజ్డ్ రిలీజ్‌కు పంపవచ్చు. మిగిలినవి హాఫ్‌వే హౌస్‌కో (విడుదలకు ముందు ఉంచే వసతి గృహం), గృహ నిర్బంధానికో ముందుగా పంపడానికి పనికొస్తాయి. కొన్ని నేరాలకు ఈ క్రెడిట్లు అసలు రావు. ఆ జాబితా చట్టంలో 3632వ సెక్షన్‌లో ఉంది, తీర్పులోని సెక్షన్ నంబరుతో పోల్చి చూసుకోండి.

పౌరసత్వం లేనివారు రెండు విషయాలు చూసుకోవాలి.

మొదటిది, దేశం నుంచి పంపించాలన్న తుది ఉత్తర్వు ఉన్నవారు క్రెడిట్లు సంపాదించినా వాడుకోలేరు. కాని ఐస్ పెట్టిన డిటైనర్ వేరు, తుది ఉత్తర్వు వేరు. డిటైనర్ అంటే “మీరు వదిలేటప్పుడు మాకు అప్పగించండి” అన్న కోరిక మాత్రమే. అదొక్కటే ఉంటే క్రెడిట్లు ఆపడానికి వీల్లేదు. జైలు ఆపితే, తుది ఉత్తర్వు కాగితం చూపించమని రాతపూర్వకంగా అడగండి. దానికి తేదీ ఉండాలి, ఇమిగ్రేషన్ జడ్జిదో అధికారిదో సంతకం ఉండాలి. ఇమిగ్రేషన్ కోర్టు కేసు సమాచార వ్యవస్థలో ఏ-నంబరుతో వెతికి మీరు కూడా సరిచూసుకోవచ్చు.

“త్వరగా ఇండియాకు వెళ్ళిపోతాను” అన్న ఆశతో లోపల ఉన్నప్పుడే దేశం నుంచి పంపించే (రిమూవల్) ఉత్తర్వుకు ఒప్పుకుని సంతకం పెట్టేవారు ఉన్నారు. ఆ సంతకంతోనే ఏడాది దాకా వచ్చే తగ్గింపు చేజారిపోతుంది. ఏ ఇమిగ్రేషన్ కాగితం మీదైనా సంతకం చేసేముందు లాయరుతో మాట్లాడమని మీవాళ్ళకు గట్టిగా చెప్పండి.

రెండోది, తీర్పులో సూపర్‌వైజ్డ్ రిలీజ్ లేకపోతే ఆ ఏడాది ముందస్తు విడుదలకు దారే లేదు. డిపోర్ట్ కాబోయేవారికి సాధారణంగా సూపర్‌వైజ్డ్ రిలీజ్ వేయనక్కరలేదని శిక్షల మార్గదర్శకాలు చెప్తాయి. అది లేకపోవడం మేలనుకుని సంతోషించే కుటుంబాలు ఉన్నాయి. ఇంకా శిక్ష పడనివారు ఈ లాభనష్టాలు లాయరుతో ముందే తూచుకోవాలి.

ఇంకో వివాదం కూడా ఉంది. శిక్ష పడిన రోజుకూ, కేటాయించిన జైలుకు చేరిన రోజుకూ మధ్య వారాలు గడిచిపోతాయి. చేరిన రోజు నుంచే క్రెడిట్లు మొదలవుతాయని జైళ్ళ శాఖ నిబంధన అంటుంది. శిక్ష మొదలైన నాటి నుంచే ఇవ్వాలని కొన్ని జిల్లా కోర్టులు తీర్పులిచ్చాయి. మీ అసెస్‌మెంట్ పత్రంలో మొదటి తేదీ ఏమిటో చూడండి. మధ్యలో కౌంటీ జైల్లోనో, రవాణాలోనో నెలలు గడిచి ఉంటే ఇది అడగదగ్గ వాదన.

5. ముందు నోటితో, తర్వాత కాగితంతో

లోపల ఉన్న వ్యక్తి మొదట కేస్ మేనేజర్‌కు “కాప్-అవుట్” రాయాలి. లోపలివాళ్ళు విన్నపం ఫారాన్ని అలాగే పిలుస్తారు. చాలా తప్పులు ఇక్కడే సర్దుకుంటాయి. లెక్కలు వేసే కేంద్రం టెక్సాస్‌లోని గ్రాండ్ ప్రెయిరీలో ఉంటుంది. కేస్ మేనేజర్ అక్కడికి ఒక సందేశం పంపితే సరిపోయే సందర్భాలూ ఉన్నాయి.

కుదరకపోతే బీపీ-8 అనే ఫారం, అంటే అనధికారిక పరిష్కార ప్రయత్నం. దీన్ని జరుపుతుండగానే గడియారం తిరుగుతూ ఉంటుందని మర్చిపోకండి.

6. మూడు మెట్లు ఎక్కండి

బీపీ-9: వార్డెన్‌కు, అంటే ఆ జైలు అధిపతికి. సమస్య తలెత్తిన రోజు నుంచి 20 రోజుల్లో ఇవ్వాలి, బీపీ-8కు పట్టిన రోజులూ అందులోనే. జవాబుకు 20 రోజులు.

బీపీ-10: ప్రాంతీయ డైరెక్టర్‌కు. వార్డెన్ సంతకం చేసిన తేదీ నుంచి 20 రోజుల్లో. జవాబుకు 30 రోజులు.

బీపీ-11: వాషింగ్టన్‌లోని జనరల్ కౌన్సెల్‌కు, అంటే జైళ్ళ శాఖ న్యాయ విభాగాధిపతికి. ప్రాంతీయ డైరెక్టర్ సంతకం చేసిన తేదీ నుంచి 30 రోజుల్లో. జవాబుకు 40 రోజులు.

ప్రతి మెట్టులోనూ వాళ్ళు గడువు ఒకసారి పొడిగించుకోవచ్చు. గడువు దాటినా జవాబు రాకపోతే తిరస్కరించినట్టుగా భావించి పై మెట్టుకు వెళ్ళవచ్చు. చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. అన్నీ కలిపి ఆరు నెలలు దాటిపోవచ్చు. రెండేళ్ళ శిక్ష పడినవారు లెక్క పత్రం చేతికొచ్చిన వారంలోనే మొదలుపెట్టాలనడానికి కారణం ఇదే.

ప్రత్యామ్నాయ దారి: క్రమశిక్షణ విచారణ అధికారి రోజులు కోసేసిన కేసైతే బీపీ-9 వద్దు. నేరుగా బీపీ-10తో మొదలుపెట్టాలి. వార్డెన్‌కు పంపి తిరస్కరణ తెచ్చుకుని, ఈలోగా 20 రోజులు దాటించుకున్నవారిని నేను చూశాను.

బీపీ-9లో ఏం రాయాలో తెలియక చాలామంది జీవితకథ రాస్తారు. ఇంత చాలు (ఫారం మీద మాత్రం ఇంగ్లీషులో రాయాలి):

“నా కంప్యుటేషన్ పత్రంలో జైల్ క్రెడిట్ 0 రోజులుగా ఉంది. 2024 జనవరి 15 నుంచి ఫిబ్రవరి 20 వరకు 37 రోజులు ఇదే కేసులో నిర్బంధంలో ఉన్నాను. ఈ రోజులు మరే శిక్షలోనూ జమ కాలేదు. చట్టం 18వ టైటిల్, 3585(బి) సెక్షన్ ప్రకారం వీటిని జమచేసి విడుదల తేదీ సవరించమని కోరుతున్నాను. నిర్బంధ ధ్రువపత్రం జతచేశాను.”

జాగ్రత్తలు:

ఒక ఫారంలో ఒకే సమస్య పెట్టండి. అదనంగా ఒక్క పేజీయే జతచేయనిస్తారు. సత్ప్రవర్తన రోజులు, ఫస్ట్ స్టెప్ క్రెడిట్లు రెండూ తప్పైతే రెండు ఫారాలు వేయండి.

బీపీ-9లో లేని విషయం బీపీ-10లో కొత్తగా ఎత్తకూడదు. కింది మెట్టు ఫారం, దానికొచ్చిన జవాబు రెండూ జతచేయాలి.

పోస్టులో వేసిన రోజు కాదు, వాళ్ళ దగ్గర నమోదైన రోజే దాఖలైన రోజు. చివరి రోజు దాకా ఆగకండి.

తిప్పి పంపితే నోటీసులో కారణం, మళ్ళీ పంపడానికి గడువు రాసి ఉంటాయి. అలిగి వదిలేయకుండా సరిదిద్ది పంపండి.

కుటుంబం రాసిపెట్టవచ్చు, ఆధారాలు సేకరించవచ్చు. కాని సంతకం, దాఖలు ఖైదీవే కావాలి. మీరు హైదరాబాద్ నుంచి వార్డెన్‌కు ఎన్ని ఈమెయిళ్ళు పంపినా అవి బీపీ-9 కావు. లోపలి ఈమెయిళ్ళు, ఫోన్లు అధికారులు చూస్తారు, వింటారు కూడా. తెలుగులో మాట్లాడుకున్నంత మాత్రాన రహస్యం అనుకోవద్దు.

7. కోర్టుకు: 2241 పిటిషన్

మూడు మెట్లూ అయ్యాక 28వ టైటిల్, 2241 సెక్షన్ కింద హెబియస్ కార్పస్ పిటిషన్ వేయాలి. ఇక్కడ మూడు తప్పులు మొత్తం శ్రమను మట్టి చేస్తాయి.

తప్పు కోర్టు. పిటిషన్ శిక్ష వేసిన కోర్టులో కాదు, ఖైదీ ప్రస్తుతం ఉన్న జైలు ఏ జిల్లాలో ఉందో ఆ జిల్లా కోర్టులో వేయాలి. మిషిగన్‌లో శిక్ష పడి పెన్సిల్వేనియా జైల్లో ఉంటే, పెన్సిల్వేనియాలో.

తప్పు ప్రతివాది. జైళ్ళ శాఖ, అటార్నీ జనరల్, శిక్ష వేసిన జడ్జి, వీరెవరూ కాదు. ఆ జైలు వార్డెన్. 2004 నాటి రమ్స్‌ఫెల్డ్ వర్సెస్ పడియా తీర్పు ఈ రెండింటినీ స్పష్టం చేసింది.

తప్పు సెక్షన్. తీర్పు తప్పంటే 2255, శిక్ష అమలవుతున్న తీరు తప్పంటే 2241. రోజులు తిరిగి ఇవ్వమని పౌరహక్కుల దావా వేస్తే కొట్టేస్తారు. విడుదల తేదీని మార్చే ఫిర్యాదు హెబియస్‌గానే రావాలని 1973లో ప్రైజర్ వర్సెస్ రోడ్రిగెజ్ కేసు తేల్చింది.

ఫారం పేరు ఏఓ 242, కోర్టు వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. రుసుము 5 డాలర్లు. అది కూడా కట్టలేకపోతే జైలు ఖాతా వివరాలతో మినహాయింపు అడగవచ్చు. అబద్ధమైతే శిక్షకు లోబడతానన్న ప్రమాణంతో ఖైదీ సంతకం ఉండాలి. లెక్క పత్రం, మీరు వేసిన లెక్క, బీపీ-9, 10, 11, వాటి జవాబులు వరసగా జతచేయండి. జైలు పోస్టు వ్యవస్థలో అప్పగించిన రోజునే దాఖలైనట్టు కోర్టులు లెక్కిస్తాయి, అందుకని ఆ తేదీ సంతకం పక్కన రాయించండి.

మెట్లు ఎక్కకుండా నేరుగా కోర్టుకు వెళ్ళవచ్చా అని చాలామంది అడుగుతారు. 2241కు ముందు మెట్లెక్కాలన్న నిబంధన చట్టంలో రాసింది కాదు, కోర్టులు పెట్టుకున్నది. వివాదం తేదీల గురించి కాకుండా కేవలం చట్టానికి అర్థం గురించైతే, లేదా మెట్లెక్కేలోగా విడుదల రోజే దాటిపోయేలా ఉంటే, మినహాయింపు అడగవచ్చు. కొందరు జడ్జిలు ఇస్తారు, కొందరు ఇవ్వరు. నా సలహా ఏమిటంటే పిటిషన్ వేసినా బీపీ ఫారాలు ఆపవద్దు, రెండూ నడపండి.

పిటిషన్ వేశాక వేరే జైలుకు మార్చినా కేసు పోదు. కాని కొత్త చిరునామా వెంటనే కోర్టుకు రాయాలి. నోటీసు అందక కొట్టేసిన కేసులకు మందు లేదు.

ప్రభుత్వం జవాబిచ్చాక ప్రతిజవాబు వేసే అవకాశం వస్తుంది. వాళ్ళ జవాబుతో లెక్కల అధికారి ప్రమాణ పత్రం జతచేస్తారు. అందులోని ప్రతి తేదీనీ మీ కాగితాలతో ఒక్కొక్కటిగా పోల్చండి. తేదీ మారిన చోట గీత గీయండి, ప్రతిజవాబు దాని మీదే రాయండి. ఓడిపోతే అప్పీలుకు 60 రోజులు ఉంటాయి.

ఇవన్నీ లాయరు లేకుండా చేయవచ్చు, చాలామంది చేస్తారు. వాదన చిక్కుగా ఉంటే లాయరును నియమించమని కోర్టును అడగవచ్చు, అది హక్కు మాత్రం కాదు. రాష్ట్ర జైలు అయితే అక్కడి ఫిర్యాదు వ్యవస్థ, రాష్ట్ర కోర్టులు ముగించి ఆపైన 2254 సెక్షన్ కింద ఫెడరల్ కోర్టుకు రావాలి, దానికి ఏడాది గడువు ఉంది. అక్కడ స్థానిక లాయరు తప్పనిసరి అనే నా అభిప్రాయం.

8. గెలిచారని ఎలా తెలుస్తుంది?

వెబ్‌సైట్‌లో తేదీ మారిందని ఊరుకోకండి. ఆ తేదీలో ఫస్ట్ స్టెప్ క్రెడిట్లు కలిసే కొద్దీ నెలనెలా మార్పు ఉంటుంది, మీ సవరణ వల్ల మారిందో వేరే కారణమో చెప్పలేరు. కొత్త కంప్యుటేషన్ పత్రం అడిగి తెప్పించండి. జైల్ క్రెడిట్ వరుసలో మీ తేదీలు ఎక్కాయా? పూర్తి శిక్ష ముగిసే తేదీ అన్ని రోజులూ వెనక్కి జరిగిందా? ఆ తేదీ జరగకుండా విడుదల తేదీ ఒక్కటే మారితే, ముందస్తు కస్టడీ ఎక్కలేదన్నమాట. ఆ కొత్త పత్రాన్ని పాతదాని పక్కన పెట్టి ప్రతి వరుసా చదవండి. ఒకటి సరిచేస్తూ ఇంకోటి మార్చేయడం జరుగుతుంది.

హాఫ్‌వే హౌస్‌కు పంపే తేదీ ఈ పత్రంలో విడుదల తేదీగా కనిపించదు. దాని గురించి విడిగా అడగండి.

ఆలస్యం వల్ల అదనంగా రోజులు లోపలే గడిచిపోతే, ఆ రోజులు సూపర్‌వైజ్డ్ రిలీజ్ నుంచి తమంతట తాము తగ్గవు. 2000లో యునైటెడ్ స్టేట్స్ వర్సెస్ జాన్సన్ కేసులో అలాగే తేల్చారు. కాని బయటికి వచ్చి ఏడాది గడిచాక, సూపర్‌వైజ్డ్ రిలీజ్‌ను ముందుగా ముగించమని శిక్ష వేసిన జడ్జిని అడిగేటప్పుడు ఆ అదనపు రోజులను కారణంగా చూపవచ్చు. ఈ ఒక్క అభ్యర్థన మాత్రం ఆ జడ్జి దగ్గరికే వెళ్ళాలి.

డిటైనర్ ఉన్నవారిని విడుదల రోజున ఐస్ తన కస్టడీలోకి తీసుకుంటుంది. పాస్‌పోర్టు గడువు ఎప్పుడు ముగుస్తుందో ఇప్పుడే చూసుకోండి. గడువు తీరిపోతే భారత కాన్సులేట్ నుంచి ప్రయాణ పత్రం వచ్చేదాకా ఇమిగ్రేషన్ నిర్బంధంలో ఉండవలసి వస్తుంది, ఆ రోజులకు ఏ తగ్గింపూ లేదు.